మూసీకి వరదొచ్చిన రోజే కొరియాలో మంటలు.. ఒక్క కాపీతో పోయిన 858 టెరాబైట్లు! డేటాను రెండు ఊళ్లలో ఎలా దాస్తారంటే?

2025 సెప్టెంబర్ 26.. ఆ రాత్రి హైదరాబాద్ పాతబస్తీ అంచున మూసీ ఉగ్రరూపం దాల్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తడంతో వరద ఒక్కసారిగా పోటెత్తింది. ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్లు వచ్చేశాయి. ప్రయాణికులను అర్ధరాత్రి బయటకు తీసుకురావాల్సి వచ్చింది. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల జనం చేతికందిన సామాన్లతో పునరావాస కేంద్రాలకు వెళ్లారు.

అదే రోజు, దానికి కొన్ని గంటల ముందు దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ఇంకో ప్రమాదం జరిగింది. అక్కడి ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలను తరలిస్తుంటే మంటలు అంటుకున్నాయి. మంటలు పూర్తిగా ఆరడానికి దాదాపు 22 గంటలు పట్టింది. ముందుజాగ్రత్తగా ఆపేసినవాటితో కలిపి వందల ప్రభుత్వ సేవలు నిలిచిపోయాయి. 96 సిస్టమ్స్ నేరుగా కాలిపోయాయి. ఇందులో అందరినీ షాక్‌కు గురిచేసింది 'జీ-డ్రైవ్'. సర్కారీ ఉద్యోగులు తమ ఆఫీసు ఫైళ్లు దాచుకునే ఆన్‌లైన్ బీరువా అది. అందులో 858 టెరాబైట్ల డేటా ఉంది. 128 జీబీ ఫోన్లలో నింపితే సుమారు 6,700 ఫోన్లు కావాలి. మొత్తం పోయింది. ఎందుకంటే.. దానికి వేరే చోట కాపీ లేదు!

కాలిపోయిన మిగతా సిస్టమ్స్‌లో చాలావాటికి బ్యాకప్ ఉంది. జీ-డ్రైవ్ సైజు మరీ పెద్దది కావడంతో బయట కాపీ పెట్టలేదని అధికారులు చెప్పారు. పెద్దది కాబట్టి కాపీ తీయలేదట. పెద్దది కాబట్టే కదా ముందు కాపీ తీయాల్సింది అని అక్కడి జనం మండిపడ్డారు.

ఇప్పుడు ఇదంతా మనకెందుకు అంటారా? చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్ తాగి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినా, మీసేవలో ఆదాయ సర్టిఫికెట్ తీసుకున్నా, పాతబస్తీలో ఇంటి రిజిస్ట్రేషన్ చేయించినా.. ఆ రికార్డు ఎక్కడో ఒక డిస్క్ మీద పడుతుంది. ఆ డిస్క్ పాడైతే? ఆ బిల్డింగే మునిగితే? అలా జరిగినా మన డబ్బులు, మన కాగితాలు ఎలా బతికి ఉంటాయన్నదే ఈ కథ. పూర్తి వివరాల్లోకి వెళితే..

మూసీ నేర్పిన పాఠం కొత్తది కాదు

పాతబస్తీకి ఇది తెలియని విషయమేం కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద సుమారు 15 వేల మందిని మింగేసింది. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ దెబ్బతిన్నాయి. ఒడ్డునే ఉన్న ఆస్పత్రి కొట్టుకుపోయింది. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు.

నీళ్లే కాదు, నిప్పు కూడా చూసింది ఈ ప్రాంతం. మూసీ దక్షిణపు ఒడ్డున ఉన్న హైకోర్టు భవనం 1920లో ప్రారంభమైంది. 2009 ఆగస్టు 31న అందులో అగ్నిప్రమాదం జరిగింది. కోర్టు హాళ్లు, లైబ్రరీ దెబ్బతిన్నాయి. కాగితం ఒక్కచోటే ఉంటే ఏమవుతుందో అప్పుడు అందరికీ అర్థమైంది.

ఇక 2020 అక్టోబర్ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. పల్లె చెరువు, గుర్రం చెరువు నీళ్లు కాలనీల మీద పడ్డాయి. అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్ ఇళ్లల్లో బీరువాల ఎత్తున నీళ్లు నిలిచాయి. నీళ్లు తగ్గాక జనం చేసిన మొదటి పనుల్లో ఒకటి.. తడిసిన టెన్త్ మెమోలు, ఇంటి కాగితాలు డాబా మీద ఎండబెట్టుకోవడం.

కంప్యూటర్ వాళ్లు 'మిర్రరింగ్' అని పిలిచేది సరిగ్గా ఈ కష్టానికి విరుగుడే.

మిర్రర్ అంటే.. ఇద్దరు మున్షీలు, రెండు ఖాతా పుస్తకాలు

లాడ్‌బజార్‌లో ఒక గాజుల దుకాణం ఉందనుకుందాం. సేఠ్ దగ్గర ఇద్దరు మున్షీలు. సేఠ్ ఒక్కసారి లెక్క చెబితే ఇద్దరూ చెరో పుస్తకంలో రాస్తారు. "రాశారా భాయ్?" అంటే, ఇద్దరూ "రాశాం సేఠ్" అన్నాకే తర్వాతి గిరాకీ. ఒక పుస్తకం మీద చాయ్ ఒలికినా రెండోది ఉంటుంది. దుకాణం ఆగదు. మిర్రర్ అంటే ఇంతే!

కంప్యూటర్‌లో ఆ పుస్తకాల స్థానంలో డిస్కులు ఉంటాయి. ఒకే సమాచారం ఒకేసారి రెండు డిస్కుల మీద పడుతుంది. దీనికి 1988లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీకి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ తమ పేపర్‌లో 'రెయిడ్' అని పేరు పెట్టారు. అందులో మిర్రరింగ్‌ది మొదటి మెట్టు. కాపీలు పెట్టే ఆలోచన అంతకుముందు నుంచీ ఉన్నదే. కానీ చవక డిస్కులను గుంపుగా వాడి, ఒకటి పోయినా పని ఆగకుండా చూడొచ్చని లెక్కలతో చూపించింది వాళ్లు.

చదవడానికి ఏ పుస్తకమైనా ఒకటే కాబట్టి, రెండు డిస్కుల నుంచీ చదివితే స్పీడ్ కూడా పెరుగుతుంది. రాయడానికి మాత్రం ఇద్దరి కోసం ఆగాలి. ఈ 'ఆగడం' అనే మాట గుర్తుపెట్టుకోండి.. అసలు తిప్పలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

వర్చువల్ వాల్యూమ్.. డోర్ నంబర్ ఒకటే, లోపల ఇల్లు మారుతుంది

రెండు డిస్కులు ఉన్నాయి సరే.. బ్యాంకు సాఫ్ట్‌వేర్ ఏ డిస్కులో రాయాలి? రేపు ఒకటి మార్చేస్తే సాఫ్ట్‌వేర్ కూడా మార్చాలా? అక్కర్లేదు. మధ్యలో ఒక పొర పెడతారు. ఆ పొర సాఫ్ట్‌వేర్‌కు ఒకే ఒక్క డిస్కును చూపిస్తుంది. నిజానికి అలాంటి డిస్కు ఎక్కడా లేదు. వెనకాల రెండు ఉండొచ్చు, ఇరవై ఉండొచ్చు, సగం ఒక ఊళ్లో, సగం ఇంకో ఊళ్లో ఉండొచ్చు. ఈ ఉత్తుత్తి డిస్కునే 'వర్చువల్ వాల్యూమ్' అంటారు.

డిజిలాకర్ వాడేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. యాప్‌లో మీ డ్రైవింగ్ లైసెన్స్ కనిపిస్తుంది కదా.. 'ఇష్యూడ్ డాక్యుమెంట్స్'లో ఉండేది నిజానికి ఒక లింక్. అసలు రికార్డు జారీ చేసిన శాఖ దగ్గరే ఉంటుంది. అక్కడ వాళ్లు సర్వర్ మార్చినా మీ ఫోన్‌లో ఏమీ మారదు. వర్చువల్ వాల్యూమ్ కూడా ఇలాంటి చిరునామానే.

దీంతో పెద్ద లాభం ఒకటుంది. డిస్కు పెట్టెలకు ఐదారేళ్లకోసారి ముసలితనం వస్తుంది, మార్చాలి. పాత పద్ధతిలో అయితే శనివారం రాత్రి సర్వర్లు ఆపేసి, డేటా మోసుకెళ్లి, ఆదివారం తెల్లవారేసరికి మళ్లీ పెట్టేవారు. 'మెయింటెనెన్స్ కారణంగా సేవలు అందుబాటులో ఉండవు' అని బ్యాంకులు పంపే మెసేజ్‌లలో కొన్ని అలాంటివే. మిర్రర్ ఉంటే షట్టర్ దించక్కర్లేదు. కొత్త పెట్టెను మూడో మున్షీలా పక్కన కూర్చోబెడతారు. పాత పుస్తకంలోని లెక్కలన్నీ అతను నెమ్మదిగా ఎత్తి రాసుకుంటాడు. కొత్త లెక్కలు వచ్చినప్పుడు వాటినీ రాస్తాడు. అంతా సమానమయ్యాక పాత పుస్తకాన్ని పక్కన పెట్టేస్తారు. గిరాకీలకు ఏం జరిగిందో కూడా తెలియదు.

ఇందులో పొరపాటు జరిగేది చివర్లోనే. కొత్త కాపీ నూటికి నూరు శాతం పూర్తి కాకముందే పాతదాన్ని తీసేస్తే అంతే సంగతులు! అందుకే అనుభవం ఉన్న స్టోరేజ్ ఇంజినీర్లు 'పూర్తయింది' అని స్క్రీన్ మీద కనిపించినా ఇంకోసారి చూసుకుని గానీ పాత కాపీని తియ్యరు.

మరి రెండో మున్షీ చెన్నైలో కూర్చుంటే?

ఒకే గదిలో రెండు పుస్తకాలు పెడితే చాయ్ ఒలికినప్పుడు పనికొస్తాయి. మూసీ పొంగితే? రెండూ పోతాయి. కాబట్టి రెండో కాపీ వేరే బిల్డింగ్‌లో, వీలైతే వేరే ఊళ్లో ఉండాలి.

ఇక్కడే భౌతికశాస్త్రం అడ్డొస్తుంది. ఫైబర్ కేబుల్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు. చార్మినార్ నుంచి గచ్చిబౌలికి కేబుల్ ఒక పాతిక కిలోమీటర్లు అనుకుంటే, కబురు వెళ్లి 'రాశాను' అని తిరిగి రావడానికి పావు మిల్లీసెకను చాలు. చెన్నై సుమారు 630 కిలోమీటర్లు. పోనూ రానూ 6 మిల్లీసెకన్లు దాటుతుంది. ఢిల్లీ అయితే 15 మిల్లీసెకన్ల పైమాటే. ఇది కూడా మధ్యలో ఏ పరికరం ఆలస్యం చేయకపోతేనే.

మిల్లీసెకన్లే కదా అనిపించొచ్చు. కానీ ఒకదాని తర్వాత ఒకటిగా లెక్కలు రాసే ప్రోగ్రామ్‌ను తీసుకోండి. గచ్చిబౌలి నుంచి జవాబు కోసం ఆగితే సెకనుకు 4 వేల లెక్కలు రాయొచ్చు. చెన్నై నుంచి జవాబు కోసం ఆగితే 160 కూడా దాటవు! రంజాన్ చివరి రోజుల్లో చార్మినార్ చుట్టూ అర్ధరాత్రి దాకా ఎంత బేరం జరుగుతుందో తెలిసిందే. అలాంటప్పుడు ప్రతి లెక్కకూ ఇంత ఆగితే క్యూ ఎంత దూరం పోతుందో ఊహించుకోవచ్చు.

అందుకే రెండు పద్ధతులు ఉన్నాయి. దగ్గర్లో ఉన్న డేటా సెంటర్ల మధ్య 'సింక్రనస్' మిర్రర్ పెడతారు. అంటే రెండు చోట్లా రాశాకే 'ఓకే' అనడం. ఇలాంటి పరికరాలు చేసే సంస్థలు సాధారణంగా రెండు చోట్ల మధ్య రానూపోనూ ఆలస్యం 5 నుంచి 10 మిల్లీసెకన్లు దాటకూడదని షరతు పెడతాయి. దూరపు ఊరికి మాత్రం 'అసింక్రనస్'. ఇక్కడ రాసి వెంటనే 'ఓకే' చెప్పేస్తారు, అక్కడికి కొద్దిసేపటి తర్వాత కబురు వెళ్తుంది.

రెండో పద్ధతిలో ఒక చిక్కుంది. ఇక్కడి సెంటర్ కాలిపోయే సమయానికి చివరి 30 సెకన్ల లెక్కలు ఇంకా అక్కడికి చేరలేదనుకోండి.. ఆ 30 సెకన్లు గాల్లో కలిసినట్టే. ఎంత సమయపు డేటాను పోగొట్టుకోవడానికి సిద్ధపడతారో ఆ కొలతను 'ఆర్‌పీవో' అంటారు. సేవలు మళ్లీ మొదలవ్వడానికి పట్టే సమయం 'ఆర్‌టీవో'. ఖైరతాబాద్ ఆర్టీవో ఆఫీసు కాదు సుమా! కీలకమైన సిస్టమ్స్‌లో డేటా నష్టం సున్నాకు దగ్గరగా ఉండాలని ఆర్‌బీఐ 2023 నవంబర్‌లో బ్యాంకులకు ఇచ్చిన ఆదేశాల్లో చెప్పింది. అవి 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

అందుకే పెద్ద సంస్థలు ఈ రెండింటినీ కలిపి వాడుతుంటాయి. ఒక కాపీ ఇక్కడే, ఇంకో కాపీ అదే నగరంలో మరో మూలన, మూడోది వేరే రాష్ట్రంలో.

వంతెన తెగితే సేఠ్ ఎవరు?

ఇప్పుడు అసలు కష్టమైన ప్రశ్న. చాలామంది పట్టించుకోని ప్రశ్న కూడా ఇదే.

గాజుల సేఠ్‌కు లాడ్‌బజార్‌లో ఒక దుకాణం, మూసీ అవతల బేగంబజార్‌లో ఇంకోటి ఉన్నాయనుకుందాం. రెండు చోట్లా ఒకే లెక్క నడుస్తోంది. వరదొచ్చి వంతెనలు మూసేశారు, ఫోన్లు పనిచేయట్లేదు. లాడ్‌బజార్ మున్షీ ఏమనుకుంటాడు? 'అవతలి దుకాణం మునిగిపోయినట్టుంది, ఇక నేనే నడపాలి.' అవతలి మున్షీ కూడా సరిగ్గా అదే అనుకుంటాడు. ఒకే పెళ్లి సెట్‌ను ఇద్దరూ ఇద్దరికి అమ్మేస్తారు. నీళ్లు తగ్గాక రెండు పుస్తకాలు పక్కపక్కన పెడితే రెండూ నిజమే, రెండూ అబద్ధమే!

దీన్నే 'స్ప్లిట్ బ్రెయిన్' అంటారు. రెండు సెంటర్లూ బతికే ఉంటాయి, మధ్యలో తీగ మాత్రమే తెగుతుంది. డిస్క్ కాలిపోవడం కన్నా ఇది ప్రమాదం. కాలిపోతే పోయిందని తెలుస్తుంది. ఇక్కడ అంతా బాగానే నడుస్తున్నట్టు కనిపిస్తూ లెక్కలు రెండుగా చీలిపోతాయి.

నిజంగా జరుగుతుందా అంటే.. జరిగింది. ప్రపంచవ్యాప్తంగా ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో 2018 అక్టోబర్ 21న అమెరికా తూర్పు తీరంలో నెట్‌వర్క్ లింక్ తెగింది. తెగింది కేవలం 43 సెకన్లు. ఆ కాస్త సమయంలోనే సాఫ్ట్‌వేర్ పెత్తనాన్ని పశ్చిమ తీరానికి అప్పగించేసింది. అప్పటికే తూర్పున పడిన కొన్ని లెక్కలు పశ్చిమానికి చేరలేదు. పశ్చిమాన కొత్తవి పడటం మొదలైంది. రెండింటినీ సరిచేసి సేవలు పూర్తిగా మామూలు కావడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. 43 సెకన్లకు ఒక రోజు!

మరి పరిష్కారం? మూడో మనిషి. రెండు దుకాణాలతో సంబంధం లేకుండా, వరద రాని వేరే చోట ఒక పెద్దమనిషిని కూర్చోబెడతారు. లెక్కలు రాయడం అతని పని కాదు. 'ఇద్దరూ బతికే ఉన్నారా?' అని చూడటమే పని. ఇద్దరూ బతికుండి మధ్య దారి మాత్రమే తెగితే, ముందే రాసుకున్న ఒప్పందం ప్రకారం ఒకరే నడుపుతారు, రెండో వారు షట్టర్ దించాలి. ఒక దుకాణం నిజంగా మునిగితే రెండో దానికి 'నువ్వు నడుపు' అని చెబుతాడు. కంప్యూటర్ భాషలో ఈయన పేరు 'విట్‌నెస్'.. అంటే సాక్షి. ఈ సాక్షి సాఫ్ట్‌వేర్‌ను రెండు సెంటర్లలో ఒకదాంట్లోనే పెడితే ఏం ప్రయోజనం? ఆ బిల్డింగ్‌తో పాటే సాక్షి కూడా పోతాడు. వినడానికి నవ్వొచ్చే తప్పే కానీ, మూడో చోట చిన్న సర్వర్‌కు డబ్బులెందుకనే ఆలోచన ఇలాంటి ఏర్పాటుకే దారితీస్తుంది.

కలిసే రోజు జాగ్రత్త.. ఏది అసలు, ఏది పాతది?

తీగ మళ్లీ అతుక్కుంది. ఇప్పుడు షట్టర్ దించిన దుకాణం వెనకబడి ఉంది. దాన్ని సరిచేయాలి. టెరాబైట్ల కొద్దీ డేటా మొత్తం మొదటి నుంచి కాపీ చేయాలంటే రోజులు పడుతుంది. అందుకే లింక్ తెగిన క్షణం నుంచి నడుస్తున్న సెంటర్ ఒక చిన్న చిట్టా రాసుకుంటుంది. ఏ పేజీలో మార్పు జరిగింది అన్నది మాత్రమే అందులో ఉంటుంది. తిరిగి కలిశాక ఆ పేజీలే పంపిస్తే సరిపోతుంది. రోజుల పని నిమిషాల్లోనో, గంటల్లోనో అయిపోతుంది. ఈ చిట్టా రాసే చోటు కూడా రెండు డిస్కుల మీద ఉండాలి. చిట్టా పోతే మళ్లీ మొత్తం కాపీ చేయాల్సిందే.

ఇక అన్నిటికన్నా గుండె దడ పుట్టించేది.. దిశ. ఏ పక్క నుంచి ఏ పక్కకు కాపీ కావాలి? పాత పుస్తకాన్ని అసలు అనుకుని కొత్తదాని మీద రాసేస్తే, మధ్యలో జరిగిన లెక్కలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. మిర్రర్ ఎంత నమ్మకంగా మంచిని కాపీ చేస్తుందో చెడునూ అంతే నమ్మకంగా కాపీ చేస్తుంది.

బ్యాంకు లెక్కల్లో ఇంకో మెలిక ఉంది. డబ్బు తీసిన లెక్క ఒక వాల్యూమ్‌లో, వేసిన లెక్క ఇంకో వాల్యూమ్‌లో ఉండొచ్చు. ఒకటి ఐదు నిమిషాల కిందటి స్థితికి, ఇంకోటి ఇప్పటి స్థితికి వస్తే లెక్క తప్పుతుంది. అందుకే సంబంధం ఉన్న వాల్యూమ్‌లన్నిటినీ ఒక కట్టగా కట్టి, ఆగితే అన్నీ ఒకే క్షణం దగ్గర ఆగేలా, కదిలితే అన్నీ కలిసి కదిలేలా చూస్తారు.

మిర్రర్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు?

సరిగ్గా ఈ మాటే చాలామంది కొంప ముంచింది. మీ ఫోన్‌లోనే చూడండి. గూగుల్ ఫోటోస్‌లో సింక్ ఆన్ చేసి ఉంది. ఫోన్‌లో ఆ యాప్‌లోంచి పెళ్లి ఫోటో డిలీట్ చేశారు. ట్యాబ్‌లో చూస్తే అక్కడా పోయింది. బిన్‌లో కొన్నాళ్లు ఉంటుంది, ఆ తర్వాత అదీ ఉండదు. కాపీలు ఎన్ని చోట్ల ఉన్నా డిలీట్ మాత్రం అన్ని చోట్లకూ వెళ్తుంది. మిర్రర్ అంటే అద్దం.. మీరు బొట్టు చెరిపేస్తే అద్దంలోనూ చెరిగిపోతుంది!

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఇదే జరిగింది. రెండు డేటాబేస్ సర్వర్ల మధ్య కాపీ ఆగిపోతే సరిచేయబోయిన ఇంజినీర్, అర్ధరాత్రి అలసటలో రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోనే డిలీట్ కమాండ్ కొట్టారు. పొరపాటు తెలుసుకుని ఆపేసరికి 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. పోనీ బ్యాకప్ ఉందా అని చూస్తే.. ఐదు రకాల ఏర్పాట్లలో ఒక్కటీ సరిగ్గా పనిచేయట్లేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన కాపీ ఒకటి దొరికింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం శాశ్వతంగా పోయింది. ఆ సంస్థ దేన్నీ దాచుకోలేదు. ఏం జరిగిందో మొత్తం బయటపెట్టింది. రిపేర్ పనిని యూట్యూబ్‌లో లైవ్ కూడా ఇచ్చింది. ఈ విషయంలో మెచ్చుకోవాల్సిందే.

మన దేశంలో 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. దాదాపు రెండు వారాల పాటు ఓపీ చిట్టీలు, ల్యాబ్ రిపోర్టులు చేత్తో రాసుకోవాల్సి వచ్చింది. దాడి తగలని బ్యాకప్ సర్వర్ ఒకటి ఉండటంతో ఈ-హాస్పిటల్ డేటాను తిరిగి తెచ్చారు. రాన్సమ్‌వేర్ ఫైళ్లకు తాళం వేస్తే, మిర్రర్ ఆ తాళాన్ని కూడా రెండో చోటికి పంపిస్తుంది. ఆ సమయంలో కాపాడేది విడిగా, తేదీ వేసి, ఎవరూ మార్చలేని విధంగా దాచిన పాత కాపీ మాత్రమే.

బ్యాకప్ పెట్టే చోటు కూడా ముఖ్యమే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ ఐదంతస్తులూ కాలిపోయింది. ఒక కస్టమర్ డబ్బు కట్టి తీసుకున్న బ్యాకప్ కూడా అదే బిల్డింగ్‌లో ఉన్నట్టు తేలింది. ఆ కస్టమర్‌కు లక్ష యూరోలకు పైగా చెల్లించాలని 2023లో అక్కడి కోర్టు చెప్పింది.

హైదరాబాద్ చుట్టూ ఏముంది?

పాతబస్తీ జనానికి తెలియకపోవచ్చు గానీ, దేశంలోని ముఖ్యమైన డేటా సెంటర్లలో కొన్ని ఇప్పుడు ఈ నగరంలో, దాని చుట్టూ ఉన్నాయి. ఎన్ఐసీ జాతీయ డేటా సెంటర్లు ఢిల్లీ, పుణె, హైదరాబాద్, భువనేశ్వర్‌లలో ఉన్నాయి. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐకి హైదరాబాద్, చెన్నైలలో డేటా సెంటర్లు ఉన్నాయి. నార్సింగిలో కొత్తదానికి 2022లో శంకుస్థాపన చేసింది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్‌ను మొదలుపెట్టింది. అందులో మూడు 'అవైలబిలిటీ జోన్లు' ఉన్నాయి. షాబాద్ మండలం చందన్‌వెల్లి, కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేట, రావిర్యాల ఫ్యాబ్ సిటీ.. ఆ సంస్థ డేటా సెంటర్లకు ఎంచుకున్న చోట్లు ఇవి. ఒకదానికి వరదో మంటో వస్తే మిగతావాటికి తగలనంత దూరం, సింక్రనస్ మిర్రర్ నడిచేంత దగ్గర. పైన చెప్పుకున్న లెక్కంతా ఇక్కడ భూమి మీద కనిపిస్తుంది.

హైదరాబాదే ఎందుకంటే.. భూకంపాల పటంలో ఈ నగరం చాలాకాలంగా తక్కువ ప్రమాదం ఉన్న జోన్-2లో ఉంది. ముంబై, చెన్నై జోన్-3లో, ఢిల్లీ జోన్-4లో ఉంటూ వచ్చాయి. సముద్రం లేదు కాబట్టి తుపాను నేరుగా తగలదు. ఉన్న భయమల్లా చెరువులు, నాలాలే.

ఇవన్నీ కట్టినంత మాత్రాన పని అయిపోదు. ఉన్నట్టుండి ఒక సెంటర్‌ను నిజంగా ఆపేసి రెండోదాని మీద నడిపి చూడాలి. దీన్నే 'డీఆర్ డ్రిల్' అంటారు. కీలకమైన సిస్టమ్స్‌కు కనీసం ఆరు నెలలకోసారి ఇది చేయాలని, బ్యాకప్‌ను తిరిగి తెరిచి పనికొస్తుందో లేదో చూడాలని ఆర్‌బీఐ ఆదేశాల్లో ఉంది. తెరిచి చూడని బ్యాకప్ మీద నమ్మకం పెట్టుకోవద్దన్నది గిట్‌ల్యాబ్ ఉదంతంతో తేలిపోయింది కదా.

దుకాణందారులకు పనికొచ్చే మాట

మదీనా, పత్తర్‌గట్టి, బేగంబజార్‌ల వైపు చిన్న దుకాణాల్లో బిల్లింగ్ అంతా ఒకే కంప్యూటర్ మీద నడవడం మామూలే. బ్యాకప్ ఉందా అంటే గల్లాపెట్టెలో పెన్‌డ్రైవ్ చూపిస్తారు. షాపులోకి నీళ్లొస్తే రెండూ కలిసే మునుగుతాయి. కంప్యూటర్‌కు వైరస్ పడితే ఎప్పుడూ గుచ్చి ఉండే పెన్‌డ్రైవ్‌కూ పడుతుంది. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. అంటే ఆరేళ్లు! 'వరదలో పోయాయి సార్' అంటే అధికారులతో ఆ వ్యవహారం అంత తేలిగ్గా తేలేది కాదు.

ఖర్చు పెద్దగా లేని ఏర్పాటు ఒకటుంది. రెండు పెన్‌డ్రైవ్‌లు లేదా హార్డ్ డిస్కులు తీసుకోవాలి. ఒకటి దుకాణంలో, ఒకటి వేరే చోట. మూసీకి ఇవతల దుకాణం ఉంటే అవతలి బంధువుల ఇంట్లో, అదీ పై అంతస్తులో. ప్రతి శుక్రవారం రెండింటినీ మార్చుకోవాలి. కాపీ తీసేటప్పుడు తప్ప మిగతా సమయంలో కంప్యూటర్ నుంచి తీసేసి పెట్టాలి. వీలుంటే క్లౌడ్‌లో మూడో కాపీ. పాత కాపీ మీదే కొత్తది రాసేయకుండా తేదీ పేరుతో విడిగా ఉంచితే, పదిహేను రోజుల కిందటి పొరపాటును కూడా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇంట్లోవాళ్ల టెన్త్ మెమోలు, లైసెన్స్, ఆర్సీ లాంటివి డిజిలాకర్‌లో 'ఇష్యూడ్' కింద తెచ్చుకుంటే చట్టప్రకారం అసలుతో సమానంగా చెల్లుతాయి. ఫోటో తీసి అప్‌లోడ్ చేసినవాటికి మాత్రం ఆ హోదా ఉండదు.

ఇంకో పని మాత్రం ఈ వారమే చేయండి. ఆ పెన్‌డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌లో పెట్టి, కిందటి నెల బిల్లు ఒకటి తెరిచి ప్రింట్ తీసి చూడండి.